జాతర సీన్

శనివారం. ఆఫీసు లేదు కాబట్టి పొద్దున్నే బడ్జెట్ షీట్ ముందేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి మా డైరెక్టర్ వచ్చాడు. నన్ను అక్కా అంటాడు. కథ అతనిది, డబ్బు నాది అనుకుంటారు అందరూ. ఆ డబ్బులో నా పొదుపు ఉంది, మా ఆయన అమ్మిన స్థలం ఉంది, ఇద్దరు స్నేహితులు నమ్మి చేతిలో పెట్టింది ఉంది.

ఈ రోజు పేచీ జాతర సీన్ దగ్గర వచ్చింది. స్క్రిప్టులో పేజీన్నర. షీట్‌లో మాత్రం అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే: రెండు రాత్రులు, రెండు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు, జనరేటర్, లైట్లు, అందరికీ భోజనాలు. తీసేద్దామన్నాను. అతనేమీ అనలేదు. వాదిస్తే నాకు నిశ్చింత, మాట్లాడకపోతేనే టెన్షన్.

కాసేపటికి, "నిజం జాతర జరిగేటప్పుడే వెళ్లి తీసేస్తానక్కా, ఒక్క కెమెరాతో" అన్నాడు. మాది సింక్ సౌండ్, అంటే నటుల మాటలు షూటింగ్‌లోనే రికార్డు చేస్తాం. ఆ డప్పుల మధ్య నటుల మాట ఒక్కటీ వినపడదు. తర్వాత డబ్బింగ్ చెప్పిస్తే, మేం ఇంత ఇష్టపడి పట్టుకున్న ఆ ఊరి యాస పోతుంది.

అప్పుడడిగాను. "ఆ సీన్‌లో నీకు కావలసిందేంటి?"

చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. జనంలో కొడుకు చెయ్యి జారిపోయిందని తెలిసినప్పుడు తల్లి మొహం కావాలట. అంతే.

"అయితే గుడి వెనక సందులో తీద్దాం. డప్పులు వినిపిస్తే చాలు కదా, అవి విడిగా రికార్డు చేసి కలుపుకోవచ్చు" అన్నాను. లేచి గదిలో పచార్లు చేశాడు. సందులో చీకటి ఉంటుంది, చీకట్లో చెయ్యి జారితే ఇంకా భయమేస్తుంది అంటూ అక్కడే పెన్ను తీశాడు. నేను ఇరవై మంది అన్నాను, అతను నలభై అన్నాడు, ముప్ఫై దగ్గర ఆగాం. పప్పుచారు, అప్పడాలతో అన్నం తిని వెళ్లాడు.

మధ్యాహ్నమంతా 'కేరాఫ్ కంచరపాలెం' గుర్తొస్తూనే ఉంది. దర్శకుడిగా వెంకటేశ్ మహాకి మొదటి సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. విశాఖలోని ఆ పేట మనుషులే, ఎనభై మందికి పైగా, అందులో నటించారు. సలీమా పాత్ర ప్రవీణే వేశారు. సినిమా తయారయ్యాక రానా సమర్పణలో 2018 సెప్టెంబరులో విడుదలైంది. పెద్ద సంస్థ అండ అప్పుడొచ్చింది సరే, అంతకుముందు తెలిసిన మొహం లేని ఆ కథ మీద డబ్బు పెట్టిన రోజు ఆవిడ ఎంత ధైర్యం చేసి ఉంటారో అని ఆలోచిస్తాను. 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో ఆవిడే దర్శకురాలయ్యారు.

1980లో వచ్చిన 'మా భూమి'దీ ఇదే దారి. బెంగాల్ నుంచి గౌతమ్ ఘోష్‌ని తీసుకొచ్చి, జి. రవీంద్రనాథ్‌తో కలిసి నిర్మించిన బి. నరసింగరావు ఆ తర్వాత 'రంగుల కల', 'దాసి' తానే తీశారు. నువ్వూ డైరెక్షన్ చేస్తావా అని నన్నూ అడుగుతుంటారు. నాకా కోరిక లేదు. ఎదుటివాడి కథలో దాక్కున్న సీన్‌ని బయటికి రప్పించే ప్రశ్న దొరికితే, ఆ రోజుకి నాకు కడుపు నిండిపోతుంది.

ఇంతకుముందు ఒకరితో నోటిమాట మీద మొదలుపెట్టి, సినిమాతో పాటు స్నేహమూ పోగొట్టుకున్నాను. అందుకే ఈసారి తుది ఎడిటింగ్ మాట ఎవరిది, లాభం ఎలా పంచుకోవాలి, మధ్యలో ఒకరు తప్పుకుంటే కథ హక్కులు ఎవరివి అన్నీ ముందే కాగితం మీద పెట్టుకున్నాం. అప్పటినుంచి మేం భయం లేకుండా పోట్లాడుకుంటున్నాం.

రాత్రి పదింటికి అతని వాట్సాప్ ఆడియో వచ్చింది. వాళ్ల మేనమామ ఊళ్లో డప్పులవాళ్లు సాధన చేస్తున్నారు. మధ్యలో కుక్క మొరుగుతోంది, ఎవరో దగ్గుతున్నారు. బాల్కనీలో నిలబడి రెండుసార్లు విన్నాను. తర్వాత షీట్ తెరిచి 'జాతర' కొట్టేసి, 'గుడి వెనక సందు, ముప్ఫై మంది, ఒక రాత్రి' అని రాశాను.