ఫిలిప్పీన్స్‌లో మిషన్: పొద్దున ఆరున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా

మిషన్‌కి, అంటే సంఘం తరఫున మత ప్రచార సేవకి, బయల్దేరే పిల్లలకి ఇంట్లోవాళ్లూ సంఘంలో పెద్దలూ చెప్పేదంతా ప్రార్థన గురించీ, లేఖనాల గురించీ ఉంటుంది. చెప్పాల్సిందే. కానీ తెల్లచొక్కా కాలరు మురికి ఎలా వదిలించాలి, వరద నీళ్లలో నడిచొచ్చిన కాళ్లకి ఏం చేయాలి, రోజంతా పక్కనే ఉండే మనిషితో మాట పట్టింపు వస్తే ఎప్పుడు కూర్చుని మాట్లాడాలి, ఇవి చెప్పేవాళ్లు తక్కువ. కొత్త దేశంలో మొదటి మూడు నెలలు మనిషిని కుంగదీసేది మాత్రం ఇవే. అందుకని ఇక్కడ వాటి గురించే.

ఇది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం తరఫున వెళ్లే మిషన్ సంగతి. అబ్బాయిలకి 24 నెలలు, అమ్మాయిలకి 18 నెలలు. జీతం ఉండదు. ఏ దేశమన్నది మనం ఎంచుకునేది కాదు, పిలుపు ఉత్తరంలోనే తెలుస్తుంది. ఈ సంఘానికి మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది కాబట్టి తెలుగు ఇళ్లలో ఈ మాటలు మరీ కొత్తవి కావు. ఫిలిప్పీన్స్‌లో మిషనరీలు 1961 నుంచీ ఉన్నారు, మనీలాలో శిక్షణ కేంద్రం ఉంది. కొత్త భాష నేర్చుకోవాల్సినవాళ్లకి శిక్షణ సుమారు 6 నుంచి 9 వారాలు.

రోజు ఇలా నడుస్తుంది. 6.30కి లేవడం, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత ఒక గంట సొంత చదువు, ఆపైన కంపానియన్‌తో, అంటే జంటగా పనిచేసే తోటి మిషనరీతో, కలిసి చదువు, భాష చదువు. బయటికి అడుగు పెట్టేసరికి పది, పదకొండు అవుతుంది. మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట భోజనానికి పోగా మిగతాదంతా వీధుల్లోనే. రాత్రి 9 కల్లా ఇల్లు చేరడం, ఎవరింట్లోనైనా మత పాఠం చెప్తుంటే 9.30. రేపటి ప్రణాళిక రాసుకుని 10.30కి దీపం ఆర్పడం. కొన్నేళ్లుగా ఈ వేళల్ని మిషన్‌ని బట్టి కొంత సర్దుకోనిస్తున్నారు. ఫిలిప్పీన్స్‌లో మధ్యాహ్నం ఎండకి జనం ఇళ్లలో పడుకుంటారు, కాబట్టి ఒంటిగంట నుంచి మూడు దాకా తలుపులు తట్టి లాభం లేదు. భాష చదువుని ఆ వేళకి జరుపుకోవచ్చేమో జిల్లా నాయకుణ్ణి, అంటే చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది మిషనరీలకి నాయకుడిగా ఉండే మిషనరీని, అడిగి చూడండి. తెరిచిన తలుపులు దొరికేది పొద్దున, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక.

కంపానియన్ అంటే రూమ్మేటు కాదు. స్నానాల గదిలో తప్ప ఎప్పుడూ ఒకరికొకరు కనిపించేంత, వినిపించేంత దూరంలోనే ఉండాలి. ఎవరితో ఎవరుండాలో ఆ ప్రాంతపు మిషనరీలందరికీ బాధ్యుడైన మిషన్ ప్రెసిడెంటు నిర్ణయిస్తారు, ప్రతి ఆరు వారాలకీ మార్పులు రావచ్చు. గొడవలు సిద్ధాంతం మీద రావు. గిన్నెలు ఎవరు తోమలేదు, అలారం ఎవరు ఆపి మళ్లీ పడుకున్నారు, పాఠంలో ఎవరు ఎక్కువసేపు మాట్లాడారు, వీటి మీద వస్తాయి. వారానికోసారి ప్రణాళిక అయ్యాక ఇద్దరూ కూర్చుని మనసులో మాట చెప్పుకునే పద్ధతి ఉంది. దాన్ని చాలామంది మొక్కుబడిగా కానిచ్చేస్తారు, అక్కడే చెడుతుంది. ముందు ఎదుటివాడు ఆ వారం చేసిన మంచి పని ఒకటి, పేరు పెట్టి చెప్పండి. తర్వాత ఒక్కటంటే ఒక్క ఇబ్బంది. జాబితా చదవకూడదు. రాత్రి పడుకునే ముందు అసలు వద్దు, అలసటలో ప్రతి మాటా రెండింతలు గుచ్చుకుంటుంది.

భాష దగ్గర తెలుగువాళ్లకి ఒక పెద్ద వరం ఉంది. మనీలా వైపు మాట్లాడే తగలోగ్‌లో మనకున్నట్టే 'మనం' వేరు, 'మేము' వేరు. 'తాయో' అంటే మనం, 'కామి' అంటే మేము. ఇంగ్లీషు మాతృభాషగా వచ్చినవాళ్లు ఇక్కడ నెలల తరబడి తడబడతారు. 'దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడు' అనబోయి 'కామి' వాడితే, వింటున్న ఇంటావిడని అందులోంచి తీసేసినట్టే! ప్రార్థనలో 'ఆమా నామిన్' అంటారు, అచ్చం మన 'మా తండ్రీ' లాగా. దేవుణ్ణి పిలుస్తూ 'మన తండ్రీ' అనం కదా, వాళ్లూ అనరు. మర్యాదకి 'పో' ఉంది, మన 'గారు', 'అండీ' చేసే పని అదే చేస్తుంది. ఒక్కరితో మాట్లాడుతున్నా పెద్దవాళ్లయితే బహువచనం 'కాయో', మన 'మీరు' లాగే. పెద్దవాడైన మగమనిషి 'కూయా', ఆడమనిషి 'ఆతే', అంటే అన్న, అక్క. పేరు పెట్టి పిలవడం కంటే ఇవే ముందు నేర్చుకోండి. కాకపోతే సెబూ ప్రాంతానికి పంపితే అక్కడి భాష సెబువానో, అందులో 'పో' వాడరు. ఎక్కడికి వేశారో తెలిశాకే వల్లె వేయడం మొదలుపెట్టాలి.

మనం తప్పు చేసేది వేరే చోట. మొదటిది, మాట మొదట్లో వచ్చే 'ఙ'. 'ఙాయోన్' అంటే ఇప్పుడు. ఙ మన అక్షరమాలలో ఉన్నా దానితో మొదలయ్యే మాట మన నోటికి అలవాటు లేదు, 'నగయోన్' అయిపోతుంది. 'వాఙ్మయం' అన్న మాటని నెమ్మదిగా పలికి, ముందున్న 'వా' తీసేసి మిగిలినదాన్ని పదిసార్లు అనండి, నాలుక దారిలో పడుతుంది. రెండోది ఊనిక. 'గబీ' అని చివర ఊనితే రాత్రి, 'గాబి' అని ముందు ఊనితే చామదుంప. శుభరాత్రి చెప్పబోయి చామదుంపని దీవించకండి. మూడోది క్రియ. మనకి మార్పులన్నీ మాట చివర వస్తాయి, వాళ్లకి ముందూ మధ్యలోనూ దూరతాయి. 'బిలి' అంటే కొనడం. 'బుమిలి' అంటే కొన్నవాడి మీద చూపు, 'బినిలి' అంటే కొన్న వస్తువు మీద చూపు. వాక్యం కూడా క్రియతోనే మొదలవుతుంది. సూత్రాలు బట్టీ పట్టడం కంటే రోజుకి ఐదు క్రియలు తీసుకుని, ఒక్కోదానితో రెండు రూపాల్లో వాక్యాలు రాసి, ఆ రోజే కిరాణా కొట్టులోనో జీప్నీలోనో (అక్కడి షేర్ బండి) వాడేయడం మేలు.

ఇంటి ముందు నిలబడి గేటు కొట్టకూడదు. 'తావో పో!' అని పిలవాలి, మాటకి మాట పెడితే 'మనిషినండీ!' అని. మనవాళ్లు వీధిలోంచి 'ఏవండీ, ఇంట్లో ఎవరున్నారు?' అని కేకేసినట్టే. పెద్దవాళ్ల చెయ్యి అందుకుని, వంగి నుదుటికి ఆనించుకోవడం అక్కడి నమస్కారం. కనుబొమలు పైకెత్తితే అవునని అర్థం. దారి అడిగితే చేత్తో కాదు, మూతితో చూపిస్తారు; కళ్లు వాళ్ల ముఖం మీద ఉండాలి. తింటున్నవాళ్లు 'కాయిన్ తాయో' అంటే చాలాసార్లు అది మర్యాద మాటే, 'సలామత్ పో, ఇప్పుడే తిన్నాం' అంటే సరిపోతుంది. రెండోసారీ మూడోసారీ అంటే మాత్రం కూర్చోవాల్సిందే. ఉన్నదాంట్లో మంచిది మీ పళ్లెంలో పెడతారు. ఆ ఇంటి పిల్లలకి మిగిలేలా తినండి, ఇది నేను గట్టిగా చెప్తాను.

ఎల్డర్లు, అంటే అబ్బాయి మిషనరీలు, ఒక ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ ఆడమనిషి ఒక్కతే ఉంటే లోపలికి వెళ్లకూడదు. వీధిలో బెంచీ వేయించుకుని కూర్చోవచ్చు, లేదంటే సంఘ సభ్యుల్ని వెంట తీసుకెళ్లాలి. సిస్టర్లకీ, అంటే అమ్మాయి మిషనరీలకీ, ఇదే నియమం తిరగేసి. పాఠం అరగంట మించకపోవడం మంచిది. టీవీ మోగుతుంటే 'ఆపండి' అనక్కర్లేదు. 'ప్రార్థనతో మొదలుపెడదామా, ఎవరు చేస్తారు?' అని అడిగితే వాళ్లే ఆపేస్తారు. తలుపులు తట్టడం కంటే సంఘ సభ్యులు పరిచయం చేసిన ఇళ్లలో మాట నిలుస్తుంది. దేశంలో ఎక్కువమంది కేథలిక్కులు. పవిత్ర వారంలో, ముఖ్యంగా శుభ శుక్రవారం నాడు, గడపల ముందు నిలబడి వాదనకి దిగడం తప్పు. వాళ్ల భక్తిని గౌరవించడం చేతకాకపోతే మిషనరీ పని చేతకానట్టే.

బాప్తిస్మం రోజు పాడయ్యేది ఎక్కువగా నీళ్ల దగ్గర. నీటి ఒత్తిడి తక్కువున్న ఊళ్లలో బాప్తిస్మపు తొట్టి నిండడానికి ఒక పూట పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం కార్యక్రమమైతే తెల్లవారుజామునే కొళాయి విప్పాలి. నిండుతున్నంతసేపూ ఒక పెద్ద మనిషి అక్కడే ఉండాలి, అయిపోయిన వెంటనే ఖాళీ చేయాలి. పిల్లలు తిరిగే చోట ఇది ప్రాణాల సంగతి. మనిషి పూర్తిగా మునగాలి. జుట్టో, బట్ట అంచో తేలినా, బాప్తిస్మం ఇస్తూ చెప్పే ప్రార్థన మాటల్లో ఒకటి తప్పినా మళ్లీ చేయాలి. ఇద్దరు సాక్షులు అందుకే నిలబడతారు. పొడవాటి మనిషైతే కాళ్లు పైకి లేస్తాయి. మోకాళ్లు వంచమని ముందుగా నేల మీదే ఒకసారి చేసి చూపించండి.

తిండికి భయపడక్కర్లేదు. మూడు పూటలా అన్నమే. సినిగాంగ్ అనేది చింతకాయ పులుపుతో చేసే పులుసు. తినోలా అనే కోడి పులుసులో వేసే మలుంగాయ్ మన మునగాకే. కాంగ్‌కాంగ్ తూటికూర, అంపలాయా కాకర, ముంగో పెసలు. లేనిది కారం. ఆవకాయ సీసా కంటే కందిపొడి, కారప్పొడి పొట్లాలు నయం, నూనె కారి చొక్కాలు పాడవవు. దినుగువాన్ అన్న నల్లటి కూర పంది రక్తంతో చేస్తారు, తినని వాళ్లు ముందే మర్యాదగా చెప్పేయాలి. నెల ఖర్చుల డబ్బు కార్డులో పడగానే నాలుగు భాగాలు చేసుకోండి. సాయంత్రం చిరుతిళ్లతో మూడో వారానికే కార్డు ఖాళీ చేసుకునేవాళ్లు ప్రతి జిల్లాలో ఉంటారు.

కొళాయి నీళ్లు తాగొద్దు. నీళ్ల కొట్లలో 5 గాలన్ల డబ్బా, అంటే దాదాపు 19 లీటర్లు, నింపి ఇస్తారు. ఇంట్లో ఎప్పుడూ ఒక డబ్బా నిండుగా, ఇంకోటి వాడకంలో ఉండాలి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల కాలం. వాతావరణ శాఖ 1 నుంచి 5 దాకా గాలి హెచ్చరికలు ఇస్తుంది. మూడు రోజుల తిండి, నీళ్లు, టార్చి, పాస్‌పోర్టు నకలు ఒక సంచిలో కట్టి పెట్టుకోవాలి. వరద నీళ్లలో ఎలుక జ్వరం ఉంటుంది, కాళ్ల మీద పుండో గీతో ఉంటే అందులోంచే ఎక్కుతుంది. దిగక తప్పకపోతే ఇంటికి రాగానే సబ్బుతో కడిగి, మిషన్ వైద్య బాధ్యులకి ఫోన్ చేయండి, మందు అవసరమో కాదో వాళ్లు చెప్తారు. జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా. ఓపిక పట్టడం భక్తి అనుకుని జ్వరం దాచిపెట్టే పిల్లలున్నారు. దయచేసి అలా చేయకండి.

బూట్లు రెండు జతలు, రోజు మార్చి రోజు. తడిసిన జతలో కాగితం కుక్కి నీడలో ఆరబెట్టాలి. మేజోళ్లు పది జతలు తక్కువేం కాదు. చొక్కాల్ని రాత్రి రాగానే కాలరూ మణికట్టూ తడిపి, బట్టల సబ్బు రుద్ది వదిలేస్తే, ఉతికే రోజు సగం పని తగ్గుతుంది. బ్లీచింగ్ ద్రావకం పాలిస్టర్ కలిసిన బట్టని పసుపు చేస్తుంది, దాని జోలికి పోవద్దు. వానాకాలం లోపలే ఆరేయాలి కాబట్టి ఫ్యాను కింద చొక్కాకీ చొక్కాకీ జానెడు ఎడం ఉంచండి, లేకపోతే ముక్క వాసన పట్టేస్తుంది. మన గుండ్రటి పిన్నుల చార్జరు అక్కడి పలక పిన్నుల సాకెట్లలో చాలాచోట్ల పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

వారానికి ఒక రోజు, చాలాచోట్ల సోమవారం, సాయంత్రం 6 దాకా పీ-డే, అంటే సొంత పనులు చూసుకునే రోజు. ఉతుకుడు, సరుకులు, క్షవరం, ఇంటికి ఫోను. 2019 ఫిబ్రవరికి ముందు ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోను చేయనిచ్చేవాళ్లు, ఇప్పుడు ప్రతి వారం మాట్లాడవచ్చు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ 9 అయితే ఇక్కడ 6.30, నాన్న పనికి బయల్దేరకముందే దొరుకుతారు. అమ్మానాన్నలకి ఒక మాట: 'ఎంత చిక్కిపోయావు రా' అని మొదలుపెట్టకండి. ఈ వారం ఎవరింటికి వెళ్లావు, ఏం వండుకున్నావు అని అడగండి. పిల్లలు వాళ్లంతట వాళ్లే చెప్పుకొస్తారు.

ట్రాన్స్‌ఫర్ (వేరే చోటికి మార్పు) కబురు వచ్చాక చేతిలో ఒకటి రెండు రోజులే ఉంటాయి. సామాను సర్దే ముందు పాఠాలు వింటున్నవాళ్ల వివరాలు సరిచూడండి. పేరు ఒక్కటే రాస్తే వచ్చేవాళ్లకి ఇల్లు దొరకదు. సారీ-సారీ కొట్టు (చిల్లర కిరాణా) పక్క సందులో నీలం గేటు, కుక్క ఉంది కానీ కట్టేసి ఉంటుంది, అమ్మమ్మకి ఎడమ చెవి వినపడదు, బుధవారం ఉండరు, ఇంత వివరంగా రాయాలి. గిన్నెలు తోమి, నీళ్ల డబ్బా నింపి, డబ్బాలో రెండు రోజుల బియ్యం ఉంచి తాళం కంపానియన్ చేతికివ్వండి. కొత్తగా వచ్చేవాడు చీకటి పడ్డాక, తడిసి, ఆకలితో దిగుతాడు.