నీలం బిళ్ళ మాడినా పెట్టె అంటుకోకూడదు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కరెంటు సామాను కాలితే నెపం పిడుగు మీదికే పోతుంది. పిడుగులేం తక్కువ కాదు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే వాటిని రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది. కానీ ఒకే వీధిలో కొన్నిళ్ళ బల్బులు ధగధగా వెలిగి మాడిపోయి, పక్కిళ్ళ ఫ్యాన్లు నీరసంగా తిరిగాయంటే అది పిడుగు కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) తెగింది. గాలివానకు స్తంభం మీద తీగలను కలిపే జంపరు ఊడినా ఇంతే.

న్యూట్రల్ పోతే వేర్వేరు ఫేజుల (కరెంటు తెచ్చే తీగల) మీదున్న రెండిళ్ళు 400 వోల్టుల మధ్య సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా పడతాయి. ఒకింట్లో 1000 వాట్లు, రెండో ఇంట్లో 100 వాట్లు నడుస్తుంటే, తక్కువ వాడే ఇంటికి సుమారు 364 వోల్టులు వస్తాయి. పొదుపుగా వాడినవాడికే దెబ్బ. పిడుగు సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజి) మైక్రోసెకన్లలో అయిపోతుంది. ఇది లైన్‌మన్ వచ్చేదాకా ఉంటుంది.

స్పైక్ గార్డ్ (ప్లగ్గుల రక్షణ పెట్టె) విప్పితే లోపల కనబడే నీలం బిళ్ళ ఎంఓవీ, వోల్టేజి హద్దు దాటితే కరెంటును తనలోంచి మళ్ళించేది. చాలావాటిలో ఉండేది 431 రకం: 275 వోల్టుల ఏసీకి తయారైంది, 430 వోల్టుల దగ్గర ఒక మిల్లీఆంపు లాగుతుంది. 364 వోల్టుల ఏసీకి శిఖరం సుమారు 515. అంటే ప్రతి అర సైకిల్లోనూ బిళ్ళ కరెంటు తాగుతుంది, కాసేపట్లో సెగలు కక్కుతుంది. ముందు షార్టయితే ఫ్యూజు పోతుంది, బతికిపోతాం. సగం షార్టయి, ఫ్యూజు పోయేంత కరెంటు లాగకుండా ఎర్రగా కాలుతూ ఉంటేనే ప్లాస్టిక్ పెట్టె అంటుకుంటుంది. అసలు ప్రమాదం ఇక్కడుంది.

అందుకే మన వైపు 20 మిల్లీమీటర్ల 511 బిళ్ళే వాడాలి, అది 320 వోల్టులది. 100 ఆంపుల దగ్గర 431 సుమారు 710 వోల్టులకు ఆపితే, ఇది 845 దాకా పోనిస్తుంది. సామాను లోపల 1000 వోల్టుల డయోడ్లున్న పవర్ సప్లైకి ఆ తేడా పెద్ద లెక్క కాదు. అయినా 511లో 10 శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి, థర్మల్ ఫ్యూజు (వేడెక్కితే తెగేది) లేకుండా ఏ బిళ్ళనూ నమ్మకూడదు.

వరస ఇది: ఫేజు, ఫ్యూజు, థర్మల్ ఫ్యూజు, తర్వాత బిళ్ళ. మొదటి ఫ్యూజు 6.3 ఆంపుల టైమ్‌ల్యాగ్ (కాస్త ఆగి తెగేది), సిరామిక్‌ది. గాజు ఫ్యూజు గట్టి షార్టుకు పగిలిపోతుంది, 6.3 ఆంపుల గాజుది నమ్మకంగా తెంచేది 63 ఆంపులే, సిరామిక్‌ది 1500. థర్మల్ ఫ్యూజు 100 నుంచి 125 డిగ్రీల మధ్యది, బిళ్ళను ఆనుకుని ఉండాలి. దాన్ని సోల్డర్ చేసేటప్పుడు దాని తీగకాలుని ముక్కుపట్కారుతో పట్టుకోవాలి, లేకపోతే వేడికి అక్కడే తెగుతుంది. తెగిందని తెలియదు కూడా, మీటరుతో చూస్తే తప్ప. మనిషి దగ్గర లేని పంపు టైమర్‌లాంటివాటికి థర్మల్ ఫ్యూజుతో లోడంతా ఆగిపోవాలి. బిళ్ళ ఒక్కటే విడిపోతే లోడు రక్షణ లేకుండా నడుస్తూనే ఉంటుంది.

ఎర్త్ వైపు బిళ్ళను నేరుగా కట్టొద్దు. అది షార్టయి, ఎర్త్ కూడా బాగోలేకపోతే బాడీకి కరెంటొస్తుంది. బిళ్ళతో సిరీస్‌లో 600 వోల్టుల గ్యాస్ ట్యూబు (ఆ వోల్టేజి దాటితేనే వెలిగి కరెంటును పోనిచ్చేది) పెట్టాలి. ఫేజు, న్యూట్రల్ మధ్య మాత్రం ఒట్టి గ్యాస్ ట్యూబు ఎప్పుడూ వద్దు. ఒకసారి వెలిగిందంటే మెయిన్స్ కరెంటే దాన్ని ఆరనివ్వదు.

ఇక 364 వోల్టులు. దానికి బిళ్ళ మందు కాదు. 270 దాటగానే తెంచి, వోల్టేజి కుదిరాక రెండు మూడు నిమిషాలకు కలిపే రిలే పెట్టాలి. న్యూట్రల్ పోయిందని ఇంటి ఎర్త్‌నే న్యూట్రల్‌గా కట్టేవాళ్ళున్నారు. అది చంపే పని.

బోర్డులో పెట్టే టైప్-2 ఎస్‌పీడీకి (సర్జ్‌ను ఆపే పరికరానికి) ఎర్త్ వైరు 6 చదరపు మిల్లీమీటర్ల రాగిది కావాలి. ఫేజు నుంచి ఎర్త్ బారు (ఎర్త్ తీగలన్నీ కలిసే పట్టీ) దాకా అన్ని తీగలూ కలిపి అర మీటరు దాటకూడదు. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. 3000 ఆంపులు 8 మైక్రోసెకన్లలో ఎగబాకితే ఆ తీగ మీదే 375 వోల్టులు పడతాయి. బిళ్ళ ఆపినదానికి అవి అదనం.

కొండ నేలలో ఎర్త్ 20 ఓములున్నా ఆశ్చర్యం లేదు. వెయ్యి ఆంపులు దిగితే అక్కడ 20,000 వోల్టులు. ఇల్లంతా కలిసి పైకి లేస్తే ఇబ్బంది లేదు, సామానుకు సామానుకు మధ్య తేడా వస్తేనే కాలుతుంది. డిష్ కేబుల్‌కి పెరట్లో వేరే రాడ్డు దింపితే ఆ తేడా టీవీ లోపలే తేలుతుంది. కాబట్టి ఆ రాడ్డునీ బోర్డు ఎర్త్ బారుకే కలపాలి.

బిళ్ళను మల్టీమీటరుతో పరీక్షించి బాగుందనుకోవద్దు. మీటరు బ్యాటరీ 9 వోల్టులు, బిళ్ళ మేలుకునేది 500 దగ్గర. విప్పి ఒక మిల్లీఆంపు డీసీ పంపి చూడాలి. కొత్తప్పటి కొలత కంటే 10 శాతం మారితే తీసేయండి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేసే ముందు ఎస్‌పీడీ కార్ట్రిడ్జ్ ఊడదీయడం మరవొద్దు, లేకపోతే వైరింగే చెడిందన్నట్టు చూపిస్తుంది.