బోర్డులు పెట్టాను, మళ్లీ తీశాను: ఒక అడవి దారితో నా ఏడాది

ఎనిమిదేళ్లు గైడుగా తిరిగిన అడవికే నన్ను సందర్శకుల విభాగం ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటిదాకా నా బాధ్యత నా వెంట నడిచే పదిమంది వరకే. వాళ్లను జలపాతం దాకా తీసుకెళ్లి, దారిలో పిట్టల్ని చూపించి, క్షేమంగా గేటు దగ్గరికి చేర్చితే ఆ రోజు పని అయిపోయేది. కొత్త పనిలో మొదటి ఆదివారం మాత్రం ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లకుండా వ్యూ పాయింట్ దగ్గర ఒక మూలన నిలబడి చూశాను. రెయిలింగ్ దగ్గర చోటు కోసం జనం ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. వెనకున్న వాళ్లకు నీళ్ల చప్పుడు వినిపిస్తోంది గానీ నీళ్లు కనిపించడం లేదు. ఒక పెద్దావిడ కాసేపు మునివేళ్ల మీద నిలబడి చూసి, ఇక లాభం లేదనుకుని తిరిగి వెళ్లిపోయింది. అంత ఎత్తు ఎక్కి వచ్చిన మనిషి ఏమీ చూడకుండానే దిగిపోయింది.

కిందికి వస్తుంటే మూడో మలుపు దగ్గర ఇంకో దృశ్యం. జనం కాలిబాట వదిలేసి చెట్ల మధ్య నుంచి అడ్డంగా దిగుతున్నారు. నేను గైడుగా చేరినప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేది. ఇప్పుడు గట్టిపడిపోయిన మట్టి, పైకి తేలిన వేర్లు. ఆ వేర్లని చూసి నాకు కడుపులో తిప్పినట్టయింది.

ఆ కోపంలోనే మొదటి నిర్ణయం తీసుకున్నాను. దారి పొడుగునా బోర్డులు పెట్టించాను. మూడో మలుపు బోర్డు మీద మాటలు నేనే రాశాను: ‘ఎంతోమంది సందర్శకులు ఇక్కడ దారి వదిలి నడవడం వల్ల ఈ అడవి దెబ్బతింటోంది. మీరు ఆ పని చేయకండి.’ నిజమే కదా, మనసుకు తగిలేలా ఉంది కదా అనుకున్నాను.

మూడు వారాల తర్వాత, నాకంటే చాలా ముందు నుంచి ఆ అడవిలో పనిచేస్తున్న గార్డు ఒకాయన ఆఫీసుకొచ్చి, “మేడమ్, ఒక్కసారి నాతో రండి. యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రండి” అన్నారు. ఇద్దరం మూడో మలుపుకి కొంచెం పైన ఒక బండ మీద కూర్చున్నాం. ఒక కుటుంబం వచ్చింది. మాట్లాడుకుంటూ మలుపు దాటిపోయేవాళ్లే, బోర్డు చూసి ఆగారు. చదివారు. పిల్లవాడు చెట్ల వైపు చేయి చూపించి, “నాన్నా, ఇటు కూడా దారుంది, అందరూ ఇటే వెళ్తున్నారంట” అన్నాడు. నలుగురూ అటే దిగారు. గార్డు నా వైపు తిరిగి, “ఆ బోర్డు చదివాకే వాళ్లకి దారి ఉందని తెలుస్తోంది మేడమ్” అన్నారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

ఈ సంగతి నాకంటే ముందే ఇంకో చోట బయటపడిందని తర్వాత చదువుకుంటే తెలిసింది. అమెరికాలోని ఆరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కు ఉంది. ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన, రాయిగా మారిన చెట్ల ముక్కలు అక్కడ నేల మీదే కనిపిస్తాయి, వచ్చినవాళ్లు జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ చల్దీని అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం అక్కడ గుర్తు పెట్టిన ముక్కల్ని దారి పక్కన ఉంచి, బోర్డు మాటలు మార్చి మార్చి చూసింది. ‘ఇంతకుముందు వచ్చినవాళ్లు చాలామంది పట్టుకుపోయారు’ అని చెప్పిన బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకెళ్లకండి’ అని మాత్రమే అడిగిన బోర్డు ఉన్నప్పుడు 1.67 శాతం. తప్పు చాలామంది చేస్తున్నారని చెబితే, అది తప్పన్న మాట వెనక్కిపోయి, చాలామంది చేస్తున్నారన్న మాటే మనసులో నిలుస్తుంది. నా బోర్డు చేసింది అదే. మర్నాడే దాన్ని తీయించాను.

రెండో తప్పు కూడా తొందరపాటే. జనం ఎక్కువయ్యారు కాబట్టి ఇంకో వైపు నుంచి రెండో దారి తెరిస్తే సగం సగం అయిపోతారు, అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని లెక్క వేసుకున్నాను. మ్యాపు కూడా గీశాను. మా జీవశాస్త్రవేత్త ఆ మ్యాపు చూసి తల అడ్డంగా ఊపారు. ఎవరూ నడవని నేల మీద మొదట పడే కొద్ది అడుగులే గడ్డికీ మొక్కలకీ ఎక్కువ నష్టం చేస్తాయి, అప్పటికే నలిగిన దారి మీద ఇంకో వందమంది నడిచినా అదనంగా జరిగే నష్టం తక్కువ అని వివరించారు. అంటే జనాన్ని రెండు దారుల్లోకి పంచితే నష్టం సగానికి తగ్గదు, దెబ్బతిన్న దారులు రెండవుతాయి. అడవి గురించి నాకు బాగా తెలుసనుకున్న నాకు ఈ ఒక్క విషయం తెలియకపోవడం ఆశ్చర్యం. గైడుగా ఉన్నన్నాళ్లూ నేను చెట్ల వంకా పిట్టల వంకా చూశాను గానీ కాళ్ల కింద నేల వంక చూడలేదు.

అప్పుడు గానీ పద్ధతిగా మొదలుపెట్టలేదు. పైనుంచి ఒకటే ప్రశ్న వచ్చేది: “రోజుకి ఎంతమందిని పంపొచ్చో ఒక నంబరు చెప్పండి.” చాలాకాలం వేరే దేశాల్లోనూ ఇదే ప్రశ్న అడిగేవాళ్లు. ఆ ఆలోచన పచ్చిక బయళ్ల నుంచి వచ్చింది, ఈ మైదానం ఎన్ని పశువుల్ని మేపగలదు అన్న లెక్క. కానీ మనుషుల విషయంలో ఆ ఒక్క నంబరు దొరకదు. మెల్లగా నడిచి చూసి వెళ్లే వందమంది, స్పీకరు పెట్టుకుని వచ్చే ఇరవైమంది ఒకటి కాదు కదా. 1985లో అమెరికా అటవీ సర్వీసు పరిశోధకులు ప్రశ్ననే మార్చారు. ఎంతమంది అని కాకుండా, ఇక్కడ ఎంత మార్పు వరకు ఒప్పుకుంటాం, అది దాటితే ఏం చేస్తాం అని అడిగారు. కొలవగలిగిన కొన్ని గుర్తులు ఎంచుకోవాలి, ఒక్కోదానికి హద్దు పెట్టుకోవాలి, క్రమం తప్పకుండా కొలవాలి. మేం నాలుగు తీసుకున్నాం: కాలిబాట వెడల్పు, అడ్డదారుల సంఖ్య, వ్యూ పాయింట్ దగ్గర ఒకేసారి కనిపించే మనుషులు, రెయిలింగ్ దాకా చేరడానికి పట్టే సమయం.

మూడోదానికి హద్దు ఎలా పెట్టాలో తెలియలేదు. యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కులో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర చేసిన పని మాకు దారి చూపింది. ఒకే చోటు ఫొటోలో మనుషుల సంఖ్య పెంచుకుంటూ పోయి, ఎక్కడిదాకా ఫర్వాలేదో సందర్శకుల్నే అడిగారు. అక్కడ ఒకేసారి 30 మంది అనే హద్దు అలా వచ్చింది. మేమూ అలాంటి ఫొటోలు చేసి గేటు దగ్గర చూపించాం. ఎక్కువమంది ఇరవై మంది ఉన్న ఫొటో దగ్గర ఆగారు. ఇక్కడ నాకు ఒక అనుమానం మిగిలే ఉంది. రద్దీ భరించలేని వాళ్లు ఎప్పుడో రావడం మానేసి ఉంటారు, గేటు దగ్గర వాళ్లు మనకు దొరకరు. ఆ మొదటి ఆదివారం తిరిగి వెళ్లిపోయిన పెద్దావిడను మేం ఏ ఫొటో చూపించి అడగగలం? అందుకే హద్దుని ఇరవై దగ్గర కాకుండా పదిహేను దగ్గర పెట్టమని పట్టుబట్టాను.

కానీ ఆ ఏడాదిలో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒక మీటింగు నుంచి మొదలైందని చెప్పాలి. అంతకుముందు నా మీటింగుల్లో నేను ప్లాను చదివేదాన్ని, అందరూ తలూపేవారు. ఈసారి టికెట్ కౌంటర్ వాళ్లని, గార్డుల్ని, గైడ్లని, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లని కూడా చెట్టు కింద కూర్చోబెట్టాను. జనం మిమ్మల్ని ఏం అడుగుతున్నారో చెప్పండి అని, ఆ తర్వాత అరగంట నోరు విప్పలేదు. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. చాలా ఇబ్బందిగా అనిపించింది, మధ్యలో రెండుసార్లు నేనే ఏదో అనబోయి ఆగాను. చివరికి మరుగుదొడ్ల దగ్గర పనిచేసే ఆవిడ నోరు తెరిచింది. “అందరూ నన్నే అడుగుతారమ్మా, ఇంకా ఎంత దూరం, మెట్లున్నాయా, పిల్లలు నడవగలరా అని. మ్యాపు దగ్గర ఎవరూ ఆగరు. నా దగ్గర అందరూ ఆగుతారు.”

గేటు దగ్గర పెద్ద మ్యాపు బోర్డు ఉంది. ఎంతో శ్రద్ధగా చేయించింది. అక్కడికొచ్చేసరికి జనం బండి పెట్టుకోవడం, పిల్లల్ని దింపడం, టికెట్ చూసుకోవడం, ఈ హడావిడిలో ఉంటారు. చదివే తీరిక ఉండదు. మరుగుదొడ్ల దగ్గర మాత్రం ఇంట్లోవాళ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. ఆ వారమే మ్యాపుని అక్కడికి మార్చాం. అందులో కిలోమీటర్లతో పాటు పిల్లలతో నడిస్తే ఎంతసేపు పడుతుంది, మెట్లు ఎన్ని, తాగునీళ్లు చివరగా ఎక్కడ దొరుకుతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏ మలుపు దగ్గర ఆగిపోవచ్చు అనేవి రాయించాం. ఆవిడ చెప్పిన వరసలోనే రాయించాం. ఇంతకాలం మా దగ్గర సందర్శకుల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని ఎవరూ ఏ మీటింగుకీ పిలవలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

మూడో మలుపు సంగతి తేల్చింది గార్డే. నన్ను అక్కడ నిలబెట్టి కళ్లు మూసుకోమన్నారు. నీళ్ల చప్పుడు. దారిలో జలపాతం మొట్టమొదట వినిపించేది అక్కడే, కనిపించేది మాత్రం ఇంకా చాలా పైన. అంతసేపు నడిచి అలిసిన మనిషి చప్పుడు వినగానే అటే దిగుతాడు. అందులో అడవిని పాడుచేసే ఉద్దేశం ఏమీ లేదు, వినిపించినదాన్ని చూడాలన్న ఆత్రం తప్ప. ఆ ఆత్రాన్ని ఆపే బోర్డు ఉండదు. కాలిబాట మీదే కాస్త ముందు చెట్ల మధ్య సహజంగా ఒక సందు ఉంది, అక్కడి నుంచి జలపాతం పై అంచు కనిపిస్తుంది. అక్కడ చిన్న చెక్క వేదిక కట్టాలనుకున్నాం. దగ్గర్లో పిట్టలు గూళ్లు పెట్టాయని జీవశాస్త్రవేత్త ఆపారు. పిల్లలు ఎగిరిపోయేదాకా పని మొదలుపెట్టలేదు. పైనుంచి ఆలస్యం ఎందుకని ఫోన్లు వచ్చాయి, టెన్షన్ పడ్డాను, కానీ ఆ ఒక్క విషయంలో వెనక్కి తగ్గలేదు.

వేదిక అయ్యాక మలుపు దగ్గర కొత్త బోర్డు పెట్టాం: ‘జలపాతం మొదటిసారి కనిపించే చోటు, ఇంకా నలభై అడుగులు.’ అడ్డదారి మొదట్లో గట్టిపడ్డ మట్టిని గుల్ల చేసి, ఎండుకొమ్మలు, దుంగలు అడ్డం పరిచి, రాళ్లని సగం దాకా పాతి, పైన రాలిన ఆకులు కప్పాం. అదే వాలు నుంచి ఏరిన విత్తనాలు తప్ప బయటివి చల్లలేదు. దాని చివర ‘మొక్కలు పెరుగుతున్నాయి, ఇటు రాకండి’ అని చిన్న పలక ఒకటి, అంతే.

వ్యూ పాయింట్ రద్దీకి గంటల వారీగా స్లాట్లు పెట్టాం. ఇందులో మొదటి నెల మేం చేసిన అన్యాయం ఒకటుంది. అన్ని టికెట్లూ ఫోన్‌లోనే బుక్ చేసుకోవాలన్నాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, దాన్ని వాడటం రానివాళ్లు గేటు దాకా వచ్చి తిరిగిపోయారు. కౌంటర్ కుర్రాడు ధైర్యం చేసి చెప్పాకే ప్రతి స్లాటులో కొంత భాగం కౌంటర్‌కి వదిలాం.

వానాకాలంలో ఒకరోజు దారి మూసేయాల్సి వచ్చింది. చాలా దూరం నుంచి వచ్చిన ఒకాయన గేటు దగ్గర గట్టిగా అరుస్తున్నాడు. ఇదివరకైతే మా వాళ్లు ‘పైనుంచి ఆర్డర్’ అని ఊరుకునేవాళ్లు. అది వింటే ఎవరికైనా కోపం పెరుగుతుంది. ఈసారి గైడు పొద్దున్నే దారి మీద పడిన బండ ఫొటో తీసి ఉంచింది, దాన్ని చూపించింది. కింద చదునుగా ఉన్న చుట్టుదారిలో తానే తోడు వస్తానంది. ఆయన భార్యాపిల్లలు ఆమె వెంట వెళ్లారు. ఆయన మాత్రం కారులోనే కూర్చుండిపోయాడు. అందరినీ ఒప్పించగలమని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ సాయంత్రం మా వాళ్లకి థాయ్‌లాండ్‌లోని మాయా బే గురించి చెప్పాను. తాకిడి తట్టుకోలేక 2018లో ఆ తీరాన్ని మూసేశారు, 2022లో తెరిచినప్పుడు పడవల్ని ఆ ఒడ్డుకి రానివ్వకుండా దీవి అవతలి వైపుకి మార్చారు. మూసి ఉన్న కాలంలోనే రెక్కల చివర నల్లగా ఉండే చిన్న సొరచేపలు లోతులేని నీళ్లలోకి తిరిగొచ్చాయి. మా గైడు వెంటనే అడిగింది: “మరి మన దారి మూసినప్పుడు ఏమేం తిరిగొస్తున్నాయో మనం చూస్తున్నామా?” చూడటం లేదు. మర్నాటి నుంచి మూసిన రోజుల్లో ఇద్దరు నడిచి, కనిపించిన జాడలన్నీ నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టారు.

ఏడాది చివర నాలుగు కొలతలూ మళ్లీ తీశాం. దారి వెడల్పు పెరగడం ఆగింది. రెయిలింగ్ దగ్గర ఎదురుచూపు తగ్గింది. మనుషుల సంఖ్య సెలవు రోజుల్లో ఇంకా హద్దు దాటుతూనే ఉంది, దానికి స్లాట్లు ఇంకా బిగించాలి, టికెట్ల ఆదాయం తగ్గుతుందని పైనున్నవాళ్లతో వాదన ఇంకా నడుస్తోంది.

అడ్డదారుల లెక్కకి గార్డుతో కలిసి మూడో మలుపుకి వెళ్లాను. దుంగల మధ్య నుంచి గడ్డి చీలమండ దాకా లేచింది, వేర్ల మీద ఆకులు పేరుకున్నాయి. నేను రిజిస్టరులో రాస్తుంటే ఆయన ఆ చిన్న పలక ముందు నిలబడి, “ఇక ఇది తీసేద్దాం మేడమ్. దీన్ని చూస్తేనే ఇక్కడ దారి ఉండేదని తెలుస్తోంది” అన్నారు. వానలు పూర్తిగా వెళ్లేదాకా ఉంచుదామేమో అన్నాను. ఆయన ఏమీ అనలేదు, గడ్డి వైపు చూస్తూ నిలబడ్డారు. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని నేనే విప్పాను.