కొండ లైను మీద అసేలా

అమెరికాలో గంటకి 240 కిలోమీటర్ల దాకా పరిగెత్తే అసేలా ఎక్స్‌ప్రెస్‌ని తీసుకెళ్లి జపాన్‌లోని హిసాత్సు కొండ లైను మీద, కంప్యూటర్ గేమ్‌లోనే అనుకోండి, నడపాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో చెప్పలేను. మెనూలో ఇంజిన్ల జాబితా కిందికి జరుపుతూ పోతున్నాను, ఆ పేరు దగ్గర చెయ్యి ఆగింది, అంతే.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో ఆరు రూట్లు ఉంటాయి. హిసాత్సు వాటిలో ఒకటి. అసేలా నడవాల్సిన నార్త్‌ఈస్ట్ కారిడార్ ఇంకొకటి. ఆ గేమ్ ఫైళ్లనే చదివి ఇంకా బాగా నడిపించే ఓపెన్ రైల్స్ అనే ఉచిత సిమ్యులేటర్ వచ్చాక నేను దానికే అలవాటు పడ్డాను. ఇందులో రైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో, రూట్లన్నీ ఇంకో ఫోల్డర్‌లో ఉంటాయి. సిద్ధంగా ఇచ్చిన యాక్టివిటీ, అంటే ముందే కూర్చిపెట్టిన ప్రయాణం, ఆడితే దానికి తగ్గ రైలే వస్తుంది. ఎక్స్‌ప్లోర్ మోడ్‌కి వెళ్తే మాత్రం ఏ రూటు మీద ఏ రైలైనా ఎక్కించుకోవచ్చు, అడ్డుచెప్పేవాళ్లు ఉండరు. చిక్కులన్నీ బండి ఎక్కాకే మొదలవుతాయి.

అంతకుముందు ఒకసారి దెబ్బ తిన్నాను కూడా. మారియాస్ పాస్ రూటులో అమెరికన్ డాష్ 9 డీజిల్ ఇంజిన్‌కి పాత బ్రిటిష్ బోగీలు తగిలించాను. ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్‌ని ఎంత పెంచినా బండి అంగుళం కదల్లేదు. చివరికి తేలిందేమిటంటే ఆ బోగీలవి వ్యాక్యూమ్ బ్రేకులు. వాటి పైపులో గాలి తీసేస్తే బ్రేకు వదులుతుంది. నా ఇంజిన్‌ది ఎయిర్ బ్రేకు, అది పైపులోకి గాలి నింపి బ్రేకు వదిలిస్తుంది. అంటే నేను వదలమని నింపిన గాలి బోగీలకి గట్టిగా పట్టుకోమని చెప్పినట్టయింది! బోగీల ఫోల్డర్‌ని వేరే పేరుతో కాపీ చేసుకుని, వ్యాగన్ ఫైల్లో బ్రేకు రకం రాసిన లైను మార్చాక గానీ కదల్లేదు. అసలు ఫైలు మీద చెయ్యి పెట్టకుండా కాపీ మీదే మార్చడం అప్పుడు అలవాటైంది. తర్వాత అదే నన్ను కాపాడింది.

ఇక హిసాత్సు. బండిని హితోయోషి స్టేషన్‌లో పెట్టాను. రెండు కొసల్లో ఇంజిన్లలాంటి రెండు పవర్ కార్లు, మధ్యలో ఆరు బోగీలు, మొత్తం 200 మీటర్ల పైచిలుకు పొడుగు. ఆ చిన్న స్టేషన్‌లో పెళ్లికొడుకు గుర్రం ఎక్కి గల్లీలో ఇరుక్కున్నట్టుంది. 'పి' నొక్కితే బండి నెత్తిన కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ దర్జాగా లేచింది. థ్రాటిల్ పెంచాను. ఏమీ లేదు. పాత అనుభవం గుర్తుండి ముందు బ్రేకుల్నే అనుమానించాను. ఎఫ్5 నొక్కి అంకెలన్నీ చూశాను. పైపులో గాలి సరిగ్గానే ఉంది, బ్రేకులు వదిలే ఉన్నాయి. పది నిమిషాలు జుట్టు పీక్కున్నాక బయటి కెమెరాలోంచి చూస్తే అప్పుడు వెలిగింది. పైన తీగేది? ఇది డీజిల్ బళ్ల లైను. నా పాంటోగ్రాఫ్ ఆకాశాన్ని తాకుతోంది.

దీనికి ఓపెన్ రైల్స్‌లోనే మందు ఉంది. ఆప్షన్లలో సిమ్యులేషన్ ట్యాబ్‌కి వెళ్తే, కరెంటు లేని రూటులో కూడా లైను వోల్టేజి ఉన్నట్టే లెక్కవేసుకోమని చెప్పే ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి మళ్లీ మొదలెట్టాను. ఇలాంటి గడి పెట్టారంటే నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారన్నమాట. ఇది మోసమే కదా అని ఒక్క క్షణం అనిపించింది. జపాన్ కొండల్లో అసేలా నడపడమే పెద్ద మోసం, దాని ముందు ఇదెంత అని సర్దిచెప్పుకున్నాను.

బండి కదిలింది. ఎక్కడం మొదలైంది. ఈ లైను మీద నిట్టనిలువు చోట్ల వెయ్యి మీటర్లకి 30 మీటర్ల పైనే ఎక్కాలి. రైలుకి అది బాగా ఎక్కువ. అసేలాకి బలం కొదవలేదు కాబట్టి ఎక్కింది. వంపుల్లో మాత్రం చూడాలి. అసలు ఈ లైను మీద తిరిగిన కిహా 31 డీజిల్ కారు పొడుగు 17 మీటర్ల చిల్లర. అసేలా బోగీ 26 మీటర్ల పైమాటే. బిగుతు వంపులో అంత పొడుగు బోగీ నడుము లోపలివైపుకి, కొసలు బయటికి జరుగుతాయి. ప్లాట్‌ఫాం అంచు బోగీ గోడలోకి కత్తిలా దిగబడింది. నిజంగానైతే రేకు చీరుకుపోయేది. గేమ్‌కి ఇవేవీ పట్టవు. పట్టాల వెడల్పూ దానికి అక్కర్లేదు. ఆ లైను గేజి 1067 మిల్లీమీటర్లు, అసేలాది 1435. నిజం లోకంలో దాన్ని ఆ పట్టాల మీద నిలబెట్టడానికే కుదరదు.

అసలు పరీక్ష ఓకోబా దగ్గర. జపాన్ మొత్తంలో లూపు లోపల స్విచ్‌బ్యాక్ ఉన్న స్టేషన్ ఇదొక్కటే అంటారు. కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగి ఎత్తు ఎక్కాలి, ఆ చుట్టు మధ్యలోనే ఈ స్టేషన్. కింద నుంచి వచ్చిన బండి స్టేషన్‌లోకి వెళ్లి ఆగుతుంది, ముందుకు దారి ఉండదు. అక్కణ్ణుంచి వెనక్కి నడిచి, పట్టాల దారి మార్చే పాయింట్లు దాటి, ఇంకో చివర ఉన్న తోక లైనులోకి పూర్తిగా దూరాలి. అప్పుడు పాయింట్లు మారిస్తే మళ్లీ ముందుకి నడుస్తూ చుట్టు ఎక్కుతుంది. ఇంగ్లీషు అక్షరం జెడ్ గీసినట్టు.

స్టేషన్‌లోకి బాగానే వెళ్లాను. బండి దిక్కు మార్చే రివర్సర్ మధ్యలో పెట్టి, కంట్రోల్ ఈ నొక్కి వెనక పవర్ కారులోకి మారి, తోక లైనులోకి నడిపాను. మెల్లగా, ఇంకా మెల్లగా. పట్టా చివర ఇంకో నాలుగైదు మీటర్లు ఉందనగా ఆపాను. రెండో కొస చూస్తే మొదటి పవర్ కారు ఇంకా పాయింట్ల మీదే ఉంది. 'జి' నొక్కాను. పాయింట్లు కదల్లేదు. బండి కిందున్న పాయింటుని ఏ సిమ్యులేటరూ మార్చనివ్వదు, మార్చనివ్వకూడదు కూడా. ముందుకు పోతే మళ్లీ స్టేషనే. వెనక్కి పోతే కొండ. అరగంట కష్టపడి ఎక్కి, నా రైలు నాకే అడ్డం పడి కూర్చుంది.

ఎఫ్9 విండోలో రెండు బోగీలు విడదీసి వదిలేద్దామా అనుకున్నాను. అప్పుడు వాటి వెనకున్న పవర్ కారు కూడా పోతుంది, పైగా ఉన్న ఒక్క తోక లైనులో అవి అడ్డంగా మిగిలిపోతాయి. దిగి, ఫైలు మార్చడమే నయం.

రైలు కూర్పు అంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ ఇంజిన్, ఏ బోగీ, ఏ వరసలో అన్నది బ్రాకెట్లలో రాసి ఉంటుంది. కాపీ తీసి, ఫైలు పేరుతోపాటు లోపలి పేరూ మార్చి, నాలుగు బోగీల లైన్లు తీసేసి సేవ్ చేశాను. మెనూలో నా కొత్త రైలు పేరు బదులు లోడ్ ఎర్రర్ అని కనిపించింది. ఎక్కడో ఒక మూసే బ్రాకెట్ కూడా చెరిపేశాను. అది దొరికేసరికి కళ్లు కాయలు కాశాయి. వెతుకులాటలో లైన్లు అటూ ఇటూ చేశాను, అక్కడే రెండో తప్పు దొర్లింది, అప్పటికి నాకు తెలీదు.

మళ్లీ హితోయోషి. ఈసారి నాలుగు పెట్టెల బండి, చురుగ్గా ఎక్కింది. ఓకోబాలో ఆగి, ధీమాగా కంట్రోల్ ఈ నొక్కి వెనక క్యాబ్‌లోకి మారాను. అద్దంలోంచి చూస్తే ఎదురుగా బోగీ గోడ. వెనక పవర్ కారు లైనులో ఉండాల్సిన 'ఫ్లిప్' అనే మాట నా సవరణల్లో ఎగిరిపోయింది. ఆ ఒక్క మాట లేకపోతే వాహనం తిరగదు, రెండు పవర్ కార్లూ ఒకే దిక్కుకి ముక్కు పెట్టుకుని ఉంటాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అలాగే వెనక్కి నడపొచ్చు గానీ మనసొప్పలేదు. ఫైలు తెరిచి ఆ మాట పెట్టి మూడోసారి బయల్దేరాను.

మూడోసారి తోక లైనులో బండి మొత్తం దూరి, పాయింట్లకి ఇవతల ఇంకా జాగా మిగిలింది. 'జి' నొక్కితే పాయింట్లు పక్కకి జరిగిన ఆ చిన్న కదలిక చూసి కుర్చీలోంచి లేచాను. లూపు ఎక్కుతుంటే కాసేపటి క్రితం నేను ఇరుక్కున్న తోక లైను కింద కనిపించింది. యతాకే స్టేషన్ దాటాక 1909లో పూర్తయిన సొరంగం వస్తుంది, 2 కిలోమీటర్ల పైనే పొడుగు. ఎత్తి ఉన్న నా పాంటోగ్రాఫ్ సొరంగం కప్పులోంచి దూరిపోతూ, రాయిని వెన్నలా కోస్తూ వచ్చింది. మసాకీలో ఇంకో స్విచ్‌బ్యాక్. అప్పటికి చేతులు అలవాటు పడ్డాయి, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

35 కిలోమీటర్లు దాటి యోషిమాత్సు చేరేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. నిజం లైనులో ఈ భాగం 2020 జులై వరదలకి దెబ్బతిని రైళ్లు ఆగిపోయాయని ఆ మధ్య చదివాను. ప్లాట్‌ఫాం పక్కన ఆగిన అసేలాని చూస్తూ, పొంతన లేకపోతేనేం, ఏదో ఒక రైలు ఈ కొండ ఎక్కింది కదా అనుకున్నాను.

మర్నాడు తిరగేసి ఆడాను. ఒంటరి కిహా 31ని నార్త్‌ఈస్ట్ కారిడార్ మీద పెట్టి, ఎక్స్‌ప్లోర్ ఇన్ యాక్టివిటీ మోడ్‌లో ట్రాఫిక్ కూడా ఎక్కించాను. కిహా గరిష్ఠ వేగం 95 కిలోమీటర్లు. వెనక ఒక అసేలా ఎర్ర సిగ్నల్ దగ్గర నా కోసం ఆగి ఉంది. నేను హారన్ కొట్టుకుంటూ తీరిగ్గా ముందు పోతున్నాను.