తెల్ల తోక, నల్ల తోక

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆదివారం తెలుగు క్లాసులో నీలిరంగు తొట్టిలో పడ్డ నక్క కథ చెప్పి, బొమ్మ గీసుకురమ్మన్నారు. తను గీసిన నక్క, తొట్టిలో పడకముందు, మంచి నారింజ రంగులో ఉంది, కాళ్ళకి నల్ల మేజోళ్ళు తొడిగినట్టు, తోక చివర తెల్లటి కుచ్చు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా నాయనకి చూపించింది. ఉదయగిరి దగ్గర మెట్ట ఊరు మాది, ఆయన అక్కడే ఉంటాడు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బాగా గీశావు తల్లీ, కానీ ఇది మన నక్క కాదే, తోకకి ఆ తెలుపేంది?" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. తప్పు తనది కాదు, నాది. పుట్టినప్పటి నుంచీ నేను నక్క అంటే ఫాక్స్ అనే చెప్పాను, తను రోజూ చూసే ఫాక్స్‌నే గీసింది. న్యూజెర్సీలో మా పెరటి చెక్క డెక్ కింద కిందటి ఏడాది ఒక ఆడనక్క పిల్లల్ని పెట్టింది. ఏప్రిల్‌లో అవి బయటికి వచ్చినప్పుడు ఎర్రగా లేవు, మట్టిరంగులో కుక్కపిల్లల్లా ఉన్నాయి, తర్వాత్తర్వాత ఎరుపెక్కాయి. తల్లి గడ్డిలో చెవులు రిక్కించి, కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి పైకి ఎగిరి ముందుకాళ్ళతో ఎలుక మీద పడేది. అది చూడటానికి మా అమ్మాయి బడి బస్సు కూడా తప్పించుకుంది ఒకరోజు.

ఆ జంతువు మన వైపు ఉండదు. మన దేశంలో ఎర్రనక్క హిమాలయాల్లో, లడఖ్‌లో, రాజస్థాన్, కచ్ ఎడారుల్లో ఉంటుంది, దక్షిణాన లేదు. మనకున్నవి రెండు. ఒకటి నక్క, అంటే ఇంగ్లీషులో జాకాల్, గుంపుగా ఊళ వేసేది. రెండోది గుంటనక్క, అదే మన అసలు ఫాక్స్, చిన్నది, రెండు మూడు కిలోలు ఉంటుందేమో, బూడిదరంగు ఒళ్ళు, తోక చివర నలుపు. పంచతంత్రంలో కరటకుడు, దమనకుడు ఇద్దరూ మొదటి రకం. మనం రెంటినీ నక్కే అంటాం కాబట్టి నాకు ఇన్నేళ్ళూ తేడా పట్టలేదు.

ఇది చిన్న విషయం అనుకోలేను. నీలిరంగు నక్క కథ ఒకసారి గుర్తు చేసుకోండి. రంగు మారాక అడవికి రాజైంది, సింహాలూ పులులూ కొలువు చేశాయి, ఒక రాత్రి దూరంగా వేరే నక్కల ఊళ వినబడగానే ఒళ్ళు మరిచిపోయి తనూ ఊళ వేసింది, బయటపడిపోయింది. ఎర్రనక్క వేటకి ఒంటరిగా తిరుగుతుంది, గుంపుతో గొంతు కలపదు. దాన్ని ఈ కథలో పెడితే కథే నిలబడదు. ఇది చెప్పగానే మా అమ్మాయి అడిగింది, "వాళ్ళ వాళ్ళు పిలిస్తే పలికింది కదమ్మా, దాన్నెందుకు చంపారు?" అని. నా చిన్నప్పుడు ఈ కథకి చివర ఒక నీతి అప్పజెప్పేవాళ్ళం, ఈ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు. నా దగ్గర జవాబు లేదు, దగ్గరికి తీసుకున్నాను.

ఆ నెలలోనే ఫిలడెల్ఫియా తీసుకెళ్ళాను. అక్కడి పెన్సిల్వేనియా అకాడమీ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్ వారి దగ్గర విన్‌స్లో హోమర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1893లో వేసిన పెద్ద చిత్రం ఉంది, పేరు నక్కవేట. వేటగాళ్ళెవరూ ఉండరు. మంచులో కాళ్ళు దిగబడిపోతున్న ఎర్రనక్క, దాని మీదకి వాలుతున్న ఆకలిగొన్న కాకులు, వెనక సముద్రం, ఓ పక్క మంచులోంచి పైకి వచ్చిన కొమ్మకి నాలుగు ఎర్రటి పండ్లు. నక్క మొహం మనకి కనబడదు, అటు తిరిగి ఉంటుంది. జిత్తులమారి అని మనమూ అంటాం, వాళ్ళూ అంటారు, కానీ ఈ బొమ్మలో జిత్తులేమీ లేవు, ఆకలే ఉంది. మా అమ్మాయి ఎంతసేపటికీ కదల్లేదు.

డిసెంబరు సెలవులకి ఊరెళ్ళాం. నాయన మరుసటి రోజు పొద్దున్నే బత్తాయి తోట దాటించి, బీట్లో చిల్లకంపల మధ్య ఒక గట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. బొరియలు నాలుగైదు ఉన్నాయి, పక్కనే ఎండిన రెట్ట. దాన్ని పుల్లతో విడదీసి చూపించాడు, నిండా రేగు గింజలు, పురుగుల రెక్కలు. "ఎలకల్ని తింటది, ఉసిళ్ళు, పీతలు, ఈ కాలంలో రేగుపళ్ళు. మనకేం చెడ్డ చేసింది?" అన్నాడు. పిల్ల ఆ గింజల్ని చూసి, "ఆ పెయింటింగ్‌లో కూడా ఎర్రపళ్ళు ఉన్నాయి తాతా" అని మొదలుపెట్టి, మంచూ కాకులూ సముద్రమూ అన్నీ వచ్చీరాని తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మంచుకి, పాపం, తాత ఫ్రిజ్‌లో ఐసు అనుకున్నాడేమో, ఎంత లోతు అని మూడుసార్లు అడిగాడు. తను మోకాలు చూపించింది. నేను మధ్యలో కలగజేసుకోలేదు.

రెండు సాయంత్రాలు వెళ్ళి కూర్చున్నా ఏమీ కనబడలేదు. మూడోరోజు మసకచీకట్లో కంప పక్కనుంచి ఒకటి వచ్చి, మమ్మల్ని చూసి, ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయింది. తోక చివర నలుపు స్పష్టంగా కనబడింది. "నక్క తోక తొక్కావే నువ్వు, నేనే చూసి రెండేళ్ళైంది" అన్నాడు నాయన. ఆ మాటకి అర్థం అదృష్టం అని చెప్పేసరికి, తోక తొక్కితే దానికి నొప్పి కదా అని బాధపడింది.

వచ్చాక ఎర్రనక్క అనే మాట ఇంట్లో స్థిరపడింది. మొన్న జనవరి రాత్రి పెరట్లో ఆడనక్క అరిచింది, జత కోసం ఈ కాలంలో అట్లాగే గీపెడుతుంది, మొదటిసారి వింటే మనిషి కేక అనుకుంటాం. పిల్ల లేచొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. "తాతకి ఇప్పుడు పొద్దున కదా, ఫోన్ చెయ్యమ్మా, వినిపిద్దాం" అంది.