ప్రాస లాక్కెళ్లిన మాటలు

గాజువాక బస్సు వచ్చిందా అని అమ్మ అడిగితే నేను, "గాజులు వాకిట్లో పగిలాయి, పగటిపూట పగవాళ్లు, వాళ్ల రోజులు, మోజులు" అన్నానట. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ముదిరిన ఆ రోజుల్లో నా మాటతీరు అదే. విన్నవాళ్లకు తలాతోకా లేదు. నాకు మాత్రం ప్రతి మాటా ముందు మాటలోంచే పుట్టుకొచ్చేది. శబ్దం ఎటు లాగితే అటు వెళ్లేవాణ్ణి, అడిగిన సంగతి వెనకే ఉండిపోయేది. ఒక్కోసారి వాక్యం మధ్యలో ఆలోచన తెగి, నోరు తెరిచే ఉండిపోయేవాణ్ణి.

మా విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది కనుక మా బంధువులు జబ్బు పేరు పలకరు, "వాల్తేరు తీసుకెళ్లారా?" అంటారు. ఆ గుసగుస జబ్బుకంటే ఎక్కువ బాధించింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, అంటే ఏమిటి?" అని డాక్టరుగారు అడిగారు. "మా ఇంట్లో పందేలు లేవండీ" అన్నాను. ఆయన నవ్వలేదు, శ్రద్ధగా రాసుకున్నారు. ఆలోచనల అల్లిక సడలడమే ఈ జబ్బుకు మూలలక్షణమని స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ 1911లోనే రాశాడని, 1979లో అమెరికా వైద్యురాలు నాన్సీ ఆండ్రియాసెన్ ఇలాంటి మాటతీరులను విడివిడిగా నిర్వచించారని కోలుకున్నాక ఆయనే చెప్పారు. దారి తప్పడం, ప్రాస వెంట పోవడం, లేని పదాలు పుట్టించడం, మాట కరువవడం. నా గందరగోళానికి పేర్లున్నాయని తెలిసి ఎంత ఊరట కలిగిందో!

మందులతో ముందు నిద్ర పట్టింది, చెవిలో గొంతులు తగ్గాయి. తర్వాత మాటే అడుగంటింది. అవును, కాదు, అంతే. నెమ్మదించాడని ఇంట్లో సంతోషించారు కానీ లోపల నేను ఎండిపోయి ఉన్నాను.

అక్క ఊరుకోలేదు. సాయంత్రాలు బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి, లంగరేసిన ఓడల్లో ఒకటి చూపించి, "అందులో ఏముంటుందిరా?" అనేది. నేను పక్కకు జారితే "ఓడ దగ్గరికి రా" అని మెల్లగా పిలిచేది. ఎంతసేపైనా ఆగేది. నా వాక్యాన్ని తాను పూర్తిచేసేది కాదు. మందు తర్వాత నన్ను నిలబెట్టింది ఆ ఓపికే. ఇంట్లో ఇలాంటివారున్నవాళ్లు దయచేసి చిన్న ప్రశ్న ఒకటే వేసి, ఆగండి.

ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను, మందులు మానలేదు. నిద్ర చెడితే మాట పట్టు తప్పుతుంది. నాకంటే ముందే అక్క ఫోనులో పసిగట్టి, "డాక్టరుగారిని ఎప్పుడు కలుస్తున్నావు?" అంటుంది. ఆ వారంలోనే వెళ్తాను. అవసరమైతే ఆయన మోతాదు మారుస్తారు.