నాలుగో ఎక్కం

శనివారం, రాత్రి పదకొండున్నర.

చిన్నది పడుకుంది. అత్తయ్య దగ్గు ఈ పూట కాస్త నయం. నాకే నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే రిజిస్టరులో అంకెలే: 36, 44, 48, 40, 32, 48, 52.

మధ్యాహ్నం సబ్‌సెంటర్లో టీకాలయ్యాక దగ్గు పిల్లల రిజిస్టరు తిరగేశాను. నిమిషానికి ఎన్ని ఊపిర్లో రాసే శ్వాస గడి ఒక్కటీ ఖాళీ లేదు. ఎప్పటిలాగే తేదీలవారీగా అంకెలు మాత్రం నోటుబుక్కులో ఎక్కించుకుని, సంతకం పెట్టి బయల్దేరాను. రైల్వే గేటు దగ్గర బండి ఆపినప్పుడు తట్టింది. చివర్లో రాసుకున్న పేజీలో ఉన్నవన్నీ నాలుగో ఎక్కంలోవే! అంటే పదిహేను సెకన్లు చూసి, నాలుగుతో హెచ్చవేసి రాసేశారు.

"హెచ్చవేస్తే ఏం పోయింది?" అన్నారు ఈయన అన్నం తింటూ. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తాను.

రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నిండిన రోజు నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ అంకె చేరినా సరే, వేగంగా పీలుస్తున్నట్టే. దగ్గుతో వచ్చిన రెండు నెలలు దాటిన బిడ్డయితే న్యుమోనియా కింద మందు మొదలుపెట్టాలి. రెండు నెలల లోపుదైతే ఆసుపత్రికి పంపాలి. ఇప్పుడు పది నెలల పిల్లని పదిహేను సెకన్లే చూశామనుకోండి. 50 రావాలంటే పన్నెండున్నర ఊపిర్లు కావాలి. అర ఊపిరిని ఎవరు లెక్కపెడతారు? పన్నెండైతే 48, జలుబని ఇంటికి పంపేస్తాం. పదమూడైతే 52, మందు ఇస్తాం. నిమిషమంతా చూస్తే ఒకటి తప్పినా తేడా ఒకటే. ఇక్కడ ఒకటి తప్పితే నాలుగు తప్పినట్టు. పైగా పసిబిడ్డల ఊపిరి ఒక తీరుగా నడవదు. గబగబా నాలుగు తీసి, ఓ క్షణం ఆగి, మళ్లీ అందుకుంటారు. అందుకే రెండు నెలల లోపు బిడ్డకి 60 వస్తే ఇంకో నిమిషం మళ్లీ లెక్కపెట్టమంటారు.

ఈ అంకెలు ఎవరో గాల్లోంచి తెచ్చినవి కావు. ఎక్స్‌రే దొరకని ఊళ్లలో ఏ బిడ్డకి మందివ్వాలో ఊపిరి లెక్కతో తేల్చవచ్చని 1980ల్లో పపువా న్యూ గినీలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు చూపించారు. మొదట్లో 50 ఒక్కటే గీత. ఏడాది దాటినవాళ్లకి 40 అన్నది తర్వాత వచ్చింది.

శిక్షణలో ఆ పిల్లల వార్డు గుర్తొస్తోంది. పదకొండు నెలల బాబు, మంచి నిద్రలో ఉన్నాడు. చొక్కా పైకి జరిపి, ఛాతీ పొట్ట కలిసేచోట ముగ్గురం చూపు నిలిపాం. ఒకామెకి 46, ఇంకొకామెకి 52, నాకు 49. మేడమ్ ఎవరిది తప్పో చెప్పలేదు. ఎలా లెక్కపెట్టావని ఒక్కొక్కరినీ అడిగారు. 46 అన్నామె చూపు గడియారానికీ బిడ్డకీ మధ్య తిరుగుతూ ఉంది, ఆ తిరుగుడులో కొన్ని జారిపోయాయి. 52 అన్నామె బాబు ఒళ్లు విరుచుకున్నప్పటి కదలికల్నీ కలిపేసింది. నేను నిమిషం మొదలయ్యాక పైకి లేచిన మొదటి ఊపిరిని వదిలేసి, రెండోదాన్ని ఒకటి అన్నాను. తర్వాత మేడమ్ గడియారం తన చేతిలోకి తీసుకుని "మొదలు", "ఆపు" మాత్రం అన్నారు. మేం ఛాతీ తప్ప ఇంకేం చూడలేదు. ముగ్గురికీ 50. ఆ ఒక్క ఊపిరికి బాబు ఐఎమ్‌ఎన్‌సీఐ చార్టులో, అంటే పిల్లల జబ్బు ఎంత తీవ్రమో రంగుల్లో చూపే పట్టికలో, జలుబనే ఆకుపచ్చ గడిలోంచి న్యుమోనియా అనే పసుపు గడిలోకి వచ్చాడు.

ఊపిరి లెక్క ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. దానికంటే ముందు నాలుగు ప్రశ్నలున్నాయి. పాలో నీళ్లో తాగలేకపోతోందా, తాగిందంతా కక్కేస్తోందా, ఫిట్స్ వచ్చాయా, మగతగా ఉందా. ఏ ఒక్కటి అవునన్నా వెంటనే పెద్దాసుపత్రికే. వాటినీ ఇవాళ హాజరు పిలిచినట్టు అడిగేస్తుంటే విన్నాను. "పాలు తాగుతోందామ్మా?" అంటే ఏ తల్లయినా తాగుతోందనే అంటుంది, రొమ్ము అందించింది కాబట్టి. అడిగి ఊరుకోకూడదు, మన ఎదురుగా పట్టించి మింగుతోందో లేదో చూడాలి. "వాంతులున్నాయా?" అన్నదీ పనికిరాదు. ఒకసారి కక్కినా ఉన్నాయనే అంటారు. "పట్టిందేదైనా కడుపులో నిలుస్తోందా?" అనాలి. "ఫిట్స్" అంటే తెలియని అమ్మమ్మకి "కళ్లు తేలేసిందా, కాళ్లూ చేతులూ కొట్టుకుందా?" అంటే తెలుస్తుంది. ప్రశ్న మారకూడదు, మాట మాత్రం ఆ ఇంటిదై ఉండాలి. చార్టు గోడకి అంటించి ఉండగా ఇలా ఎందుకు చేస్తారో!

బుధవారం వెళ్లి గట్టిగా అడుగుదామని ఇందాక అన్నీ వరసగా రాసుకున్నాను కూడా.

ఇప్పుడే నోటుబుక్కు పాత పేజీలు తీశాను. ఆరేడుగురు పిల్లలు వచ్చిన రోజు: 43, 51, 38, 47. ముప్ఫైమంది దాటిన రోజు: 40, 44, 48. రెండు రోజులూ రాసింది అక్కడ రిజిస్టరు నింపే ఆ అమ్మాయే. అంటే లెక్క రాకపోవడం కాదు, బద్ధకమూ కాదు. తూకం, థర్మామీటరు, టీకా అయ్యాక నాలుగో పనిగా ఊపిరి లెక్క వస్తోంది. అప్పటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ ఉంటుంది. ఏడ్చే బిడ్డకి అరవై సెకన్లు చూసినా ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఆ 51 మీద ఇవాళ నా కన్ను పడనేలేదు. ఎంత బాగా చూసిందో.

కాబట్టి తిట్టను. వరస మారుస్తాను. బెంచీ మీద తల్లి ఒళ్లో ఉండగానే, బట్టలు విప్పకముందే, ఆశా అక్క ఆ నాలుగూ అడగాలి. నిద్రపోతున్న బిడ్డని లేపకుండా ముందు ఊపిరి లెక్క. కానీ మగత ఉందో లేదో తెలియాలంటే లేపాలి కదా? లెక్క అయ్యాక లేపాలి. ఫిట్స్ వస్తున్న బిడ్డయితే ఈ వరసంతా పక్కనపెట్టి ముందు 108కి ఫోను.

రిజిస్టరులో "నిమిషం చూశావా?" అని ఇంకో గడి గీద్దామా అనుకున్నాను. వద్దు. రద్దీ రోజు దాన్నీ టిక్కుతో నింపేస్తారు. దానికంటే ఒకరు గడియారం చూసి మొదలు, ఆపు అనడం, ఇంకొకరు ఛాతీ చూడడం నయం.

అక్కడి గోడ గడియారానికి సెకన్ల ముల్లు విరిగిపోయింది. మన హాల్లోది తీసుకెళ్తే అత్తయ్య ఊరుకోదు. మంగళవారం సంతలో ఒకటి కొనాలి, బెంచీ మీంచి కనపడేంత పెద్దది.